పాప్‌కార్న్ కౌంటర్ వెనక నుంచి విన్న ఛాంపియన్‌షిప్

(కెనడాలోని ఒంటారియో రాష్ట్రం, లండన్ ఊళ్లో కొన్ని తెలుగు కుటుంబాలు కలిసినప్పుడు చేసిన ప్రసంగం. రికార్డింగ్ విని రాశాం. మధ్యలో అడిగిన ప్రశ్నలు అలాగే ఉంచాం.)

నమస్కారమండీ. వెనక వరసలో వాళ్లకి వినిపిస్తోందా? సరే. వంటలు ఇంకా దిగలేదట, ఈలోపు ఏదో ఒకటి మాట్లాడమని మైకు నా చేతిలో పెట్టారు. ఏం మాట్లాడను అంటే, మన పిల్లలు ముగ్గురు నలుగురు హాకీలో చేరారు, మీకు ఆ గొడవంతా తెలుసు కదా, అదే చెప్పండి అన్నారు. ముందే చెప్పేస్తున్నాను, నాకు ఆ ఆట రాదు. ఇరవై ఏళ్లకి పైగా ఈ ఊళ్లో ఉండి స్కేట్లు కట్టుకుని ఐసు మీదకి దిగింది రెండే రెండుసార్లు, రెండుసార్లూ పక్క గోడని కౌగిలించుకునే ఉన్నాను. (నవ్వులు) కానీ ఒక జట్టు ఒక సీజన్లో ఈ ఊరిని ఎలా ఊపేసిందో దగ్గర నుంచి చూశాను. చూశాను అనడం కూడా తప్పే, విన్నాను. ఎందుకో చెప్తాను.

2004 ఆగస్టులో వచ్చాను ఇక్కడికి. చేతిలో పీఆర్ (శాశ్వత నివాస అనుమతి), విశాఖలో సివిల్ ఇంజనీరుగా తొమ్మిదేళ్ల అనుభవం, ఒక సూటు. ఎక్కడికి వెళ్లినా ఒకటే ప్రశ్న, కెనడియన్ ఎక్స్‌పీరియన్స్ ఉందా అని. అది ఉంటే మీ గుమ్మం ఎందుకు తొక్కుతాను అనాలనిపించేది, అనలేం కదా. తెచ్చుకున్న డాలర్లు ఎండలో పెట్టిన ఐసుముక్కలా కరిగిపోతున్నాయి. మా ఆవిడ, ఏడు నెలల పాప విశాఖలోనే ఉన్నారు, కాలింగ్ కార్డు గీకి ఫోన్ చేస్తే "ఉద్యోగం ఎలా ఉంది" అని మామగారు అడుగుతారు. సెప్టెంబరులో డౌన్‌టౌన్‌లో ఉన్న జాన్ లబాట్ సెంటర్లో పాప్‌కార్న్ కౌంటర్ దగ్గర పని దొరికింది. ఇప్పుడు కెనడా లైఫ్ ప్లేస్ అంటున్నాం చూడండి, మధ్యలో కొన్నాళ్లు బడ్వైజర్ గార్డెన్స్ అన్నారు, అదే బిల్డింగు. 2002లో కట్టారు, తొమ్మిది వేల సీట్లు. మామగారితో "పెద్ద స్టేడియంలో పని" అని చెప్పాను. అబద్ధం కాదు కదా. (నవ్వులు)

ఆ స్టేడియంలో ఆడేది లండన్ నైట్స్. నాకేమో హాకీ అంటే ధ్యాన్‌చంద్, పచ్చగడ్డి. ఇక్కడ ఐసు మీద ఆడతారని తెలుసు గానీ, పక్ అనే ఆ నల్ల రబ్బరు బిళ్ళని ఆటకి ముందు ఫ్రీజర్‌లో పెట్టి గడ్డ కట్టిస్తారని, లేకపోతే బంతిలా ఎగురుతుందని అప్పుడే తెలిసింది. మూడంగుళాల వెడల్పు, అంగుళం మందం. అది ఐసు చుట్టూ ఉండే గోడకి తగిలితే వచ్చే చప్పుడు ఉంది చూశారూ, తలుపు మీద ఎవరో కోపంగా ఒక్క దెబ్బ వేసినట్టు ఉంటుంది. కౌంటర్ దగ్గర మాకు ఆట కనిపించదు. మధ్యలో నల్లటి కర్టెన్, దాని వెనక మెట్లు, మెట్ల వెనక ఐసు. కౌంటర్ పైన ఒక చిన్న టీవీ ఉండేది గానీ అందులో బొమ్మ రెండు మూడు సెకన్లు ఆలస్యంగా వచ్చేది. అంటే ముందు తొమ్మిది వేల మంది గొంతు, కాళ్ల కింద నేల అదురు, ఆ తర్వాత తీరిగ్గా టీవీలో గోల్. సీజన్ మొత్తం నేను గోల్స్ అన్నీ ముందు చెవితో చూశాను.

సరే, జూనియర్ హాకీ అంటే ఏంటో రెండు ముక్కల్లో. పదహారు నుంచి ఇరవై ఏళ్ల కుర్రాళ్లు. జూనియర్ అన్నారని స్కూల్ టోర్నమెంట్ అనుకోకండి. కెనడాలో మూడు పెద్ద జూనియర్ లీగులు ఉన్నాయి, మన ఒంటారియోది ఓహెచ్‌ఎల్, పడమర వాళ్లది డబ్ల్యూహెచ్‌ఎల్, క్యూబెక్ వైపు వాళ్లది ఇంకోటి. మూడూ కలిపి అరవై దాకా జట్లు, కొన్ని అమెరికాలో కూడా ఉన్నాయి. మన ఓహెచ్‌ఎల్‌లో సీజన్‌కి ఒక్కో జట్టుకి 68 మ్యాచ్‌లు, తర్వాత ప్లేఆఫ్స్, ఆ తర్వాత ముగ్గురు లీగ్ విజేతలూ, ఆతిథ్యం ఇచ్చే ఊరి జట్టూ కలిసి మే నెలలో మెమోరియల్ కప్ ఆడతారు. మొదటి ప్రపంచయుద్ధంలో చనిపోయిన సైనికుల గుర్తుగా 1919లో పెట్టిన కప్పు అది. ఎన్‌హెచ్‌ఎల్ అనే పెద్ద లీగుకి ఆటగాళ్లు చాలామంది ఈ మూడు లీగుల నుంచే వెళ్తారు. మన దగ్గర రంజీ, అండర్-19 రెండూ కలిపి, దానికి చిన్న ఊళ్లలో తిరునాళ్ల సందడి తగిలిస్తే ఎలా ఉంటుందో అలా అనుకోండి.

ఇప్పుడు నైట్స్ సంగతి. ఇక్కడ పుట్టి పెరిగిన ముసలివాళ్లు కౌంటర్ దగ్గర నిలబడి చెప్పేవారు, "1995-96లో వచ్చుంటే నువ్వు పాప్‌కార్న్ ఫ్రీగా పంచాల్సి వచ్చేది" అని. ఎందుకంటే ఆ సీజన్లో మా జట్టు 66 మ్యాచ్‌లాడి గెలిచింది మూడు. మూడంటే మూడే. అరవై ఓడిపోయారు, మూడు డ్రా. 1965లో పుట్టిన క్లబ్బు అది, నలభై ఏళ్లలో ఒక్కసారి కూడా లీగ్ టైటిల్ లేదు. 2000లో డేల్ హంటర్, మార్క్ హంటర్ అని అన్నదమ్ములు కొనుక్కున్నారు జట్టుని. ఈ డేల్ హంటర్ మామూలు మనిషి కాదు, ఎన్‌హెచ్‌ఎల్‌లో వెయ్యి పాయింట్లు కొట్టాడు (గోల్ కొడితే ఒకటి, గోల్‌కి సాయం చేస్తే ఒకటి), మూడు వేల ఐదొందల నిమిషాలకి పైగా పెనాల్టీ బాక్సులో కూర్చున్నాడు. తప్పు చేస్తే ఆ అద్దాల పెట్టెలో రెండు నిమిషాలో ఐదు నిమిషాలో కూర్చోబెడతారు కదా, అలా మొత్తం జీవితంలో దాదాపు అరవై గంటలు. (నవ్వులు) 1993లో గోల్ కొట్టి సంబరపడుతున్న వాడిని వెనక నుంచి గుద్ది 21 మ్యాచ్‌ల సస్పెన్షన్ తిన్నాడు. అలాంటాయన వచ్చి పిల్లలకి కోచ్ అయ్యాడు. నాకు విడ్డూరంగా ఉండేది. పిల్లిని పాలకి కాపలా పెట్టినట్టు. కానీ పనిచేసింది, ఇప్పటికీ ఆయనే కోచ్.

2004 సెప్టెంబరులో సీజన్ మొదలైంది. మొదటి మ్యాచ్ గెలిచారు. బాగుంది. రెండోది, మూడోది, పదోది. అక్టోబరు అయిపోయింది, ఓడలేదు. నవంబరు అయిపోయింది, ఓడలేదు. మొదట్లో శుక్రవారం రాత్రి వచ్చేవాళ్లు "ఈరోజు గెలుస్తారా" అనుకుంటూ వచ్చేవాళ్లు, నవంబరుకొచ్చేసరికి "ఎన్ని కొడతారు" అనుకుంటూ వస్తున్నారు, డిసెంబరుకి "ఈరోజైనా ఓడతారేమో" అని టెన్షన్‌తో వస్తున్నారు. నా మేనేజర్ ఒకావిడ ఉండేది, ఆవిడ మూఢనమ్మకం ఏంటంటే వరస మొదలైన రోజు ఎవరు ఏ మెషీన్ దగ్గర నిలబడ్డారో అందరూ అక్కడే నిలబడాలి. నేను వెన్న పోసే మెషీన్ దగ్గర. మూడు నెలలు వెన్నే. ఇంటికెళ్తే చొక్కా నుంచి, కోటు నుంచి, చివరికి కాలింగ్ కార్డు నుంచి కూడా అదే వాసన. మనవాళ్లకి ఇది కొత్తా? ఇండియా మ్యాచ్ ఆడుతుంటే సోఫాలో ఎవరి చోటు వాళ్లది, లేస్తే వికెట్ పడుతుందని నాన్న తిట్టడం మనకి తెలీదా? అందుకే ఆవిడ నాకు వెంటనే అర్థమైపోయింది.

మొత్తం 31 మ్యాచ్‌లు ఓటమి లేకుండా ఆడారు. 29 గెలుపు, రెండు డ్రా. అప్పటికి ఇంకా సమమైతే విజేతని తేల్చే షూటౌట్లు రాలేదు, సమం అయితే సమమే. అంతకుముందు రికార్డు 1978-79లో బ్రాండన్ వీట్ కింగ్స్ పేరు మీద ఉండేది, 29 మ్యాచ్‌లు. అది బద్దలైంది. డిసెంబరులో మొదటిసారి ఓడిపోయాక, మీరు నమ్మరు, మా మేనేజరమ్మ నన్ను వెన్న దగ్గర నుంచి తీసి నిమ్మరసం దగ్గరికి మార్చింది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు. సీజన్ అయ్యేసరికి 59 గెలుపు, 7 ఓటమి, 2 డ్రా, గెలుపుకి రెండు, డ్రాకి ఒకటి చొప్పున 120 పాయింట్లు. మూడు గెలుపుల నుంచి యాభై తొమ్మిది గెలుపులకి, తొమ్మిదేళ్లలో.

దీనికి ఒక కారణం బయటి నుంచి వచ్చింది, అది చెప్పకపోతే కథ సగమే. ఆ ఏడాది ఎన్‌హెచ్‌ఎల్ లేదు. యజమానులకీ ఆటగాళ్లకీ జీతాల దగ్గర తగాదా వచ్చి లాకౌట్ పెట్టారు, 2005 ఫిబ్రవరి 16న సీజన్ మొత్తం రద్దు చేసేశారు. కెనడా అంటే హాకీ తప్ప ఇంకోటి తెలీని దేశం, శనివారం రాత్రి టీవీ పెడితే ఆట లేదు. సంక్రాంతికి కోడిపందాలు, సినిమాలు రెండూ బంద్ చేస్తే గోదావరి జిల్లాల్లో జనం ఏమైపోతారో ఊహించుకోండి. అందరి కళ్లూ జూనియర్ల మీద పడ్డాయి. ఇంకో మాట. డ్రాఫ్టులో, అంటే పెద్ద లీగు జట్లు వంతులవారీగా కుర్రాళ్లని ఎంచుకునే చోట, ఎంపికైపోయి, మామూలు ఏడాదిలో అయితే పెద్ద లీగుకి వెళ్లిపోయే వయసు పిల్లలు కొందరు జూనియర్‌లోనే ఉండిపోయారు. మా దగ్గర కోరీ పెర్రీ అలాగే ఉండిపోయాడు, 2003లోనే ఎన్‌హెచ్‌ఎల్ జట్టు అనహైమ్ వాళ్లు ఎంచుకున్నారు అతన్ని. 60 మ్యాచ్‌ల్లో 130 పాయింట్లు కొట్టాడు. మనిషి పొడుగ్గా, కాస్త వంకరగా నడుస్తాడు, ఐసు మీద అవతలివాణ్ని గిల్లి, గిచ్చి, కోపం తెప్పించి, వాడు పెనాల్టీ బాక్సులోకి పోయాక తను గోల్ కొట్టి నవ్వుతాడు. ఊళ్లో సగం మంది అమ్మలకి ఇలాంటి అల్లుడు వద్దు, ఇలాంటి ఆటగాడు కావాలి.

అదే సమయంలో క్యూబెక్‌లో, సెయింట్ లారెన్స్ నది ఒడ్డున రిమౌస్కీ అనే చిన్న ఊళ్లో, ఓసియానిక్ అనే జట్టులో పదిహేడేళ్ల కుర్రాడు ఒకడు ఆడుతున్నాడు. సిడ్నీ క్రాస్బీ, తర్వాత ఎన్‌హెచ్‌ఎల్‌లో పెద్ద స్టార్ అయినవాడు. 62 మ్యాచ్‌లు, 168 పాయింట్లు. ఆ అంకె చూసి నేను అచ్చుతప్పు అనుకున్నాను.

ఇక్కడ నాకు బాగా నచ్చిన సంగతి ఒకటుంది. డిసెంబరు చివర నుంచి జనవరి మొదటి వారం దాకా ప్రపంచ జూనియర్ పోటీలు జరిగాయి, అమెరికాలో నార్త్ డకోటాలోని గ్రాండ్ ఫోర్క్స్‌లో. కెనడా జట్టులో ముందువరసలో ముగ్గురు కలిసి ఆడారు, మధ్యలో పాట్రిస్ బెర్జెరాన్, ఒక పక్క పెర్రీ, ఇంకో పక్క క్రాస్బీ. ఫైనల్లో రష్యాని 6-1తో కొట్టారు, ఆ రష్యా జట్టులో ఒవెచ్కిన్, మాల్కిన్ ఉన్నారు మళ్లీ. మా కెప్టెన్ డానీ సివ్రెట్ కూడా ఆ జట్టులో ఉన్నాడు. అంటే జనవరిలో ఒకే బెంచీ మీద భుజం భుజం రాసుకుని కూర్చున్నవాళ్లు మే నెలలో ఒకరినొకరు గోడకేసి నొక్కాలి. మన పల్లెల్లో బావా బామ్మర్దులు కబడ్డీలో అవతలా ఇవతలా దిగితే ఎలా ఉంటుందో అలా.

(ప్రశ్న: అన్నయ్యా, మరి ఈ పిల్లలు అందరూ ఆ ఊరివాళ్లేనా?)

మంచి ప్రశ్న అడిగావమ్మా. కాదు. అసలు విషయం అక్కడే ఉంది. పదిహేను పదహారేళ్లప్పుడు జూనియర్ లీగు డ్రాఫ్టు ఉంటుంది, ఏ జట్టు పిలిస్తే ఆ ఊరు వెళ్లాలి. ఇంటికి ఐదారు గంటల దూరం కావచ్చు, పడమరలో అయితే రోజంతా బస్సు కావచ్చు. అక్కడ హాస్టల్ ఉండదు, ఊళ్లో ఒక కుటుంబం పిల్లాణ్ని తమ ఇంట్లో పెట్టుకుంటుంది, బిల్లెట్ ఫ్యామిలీ అంటారు. వాళ్ల ఇంట్లో తిని, వాళ్ల కుక్కని తిప్పి, ఊళ్లో హైస్కూలుకి వెళ్లి, సాయంత్రం ప్రాక్టీసు. మనం నవ్వక్కర్లేదు. పదో తరగతి అవగానే పిల్లాణ్ని విజయవాడలోనో హైదరాబాద్‌లోనో కాలేజీ హాస్టల్లో పడేసి ఆదివారం పూట పచ్చడి సీసాతో వెళ్లి చూసొచ్చే జనం మనం. తేడా ఏంటంటే ఇక్కడ పిల్లాడికి కనీసం ఒక ఇల్లు, ఒక అమ్మలాంటి మనిషి దొరుకుతారు. నాతో కౌంటర్లో పనిచేసిన ఒకావిడ ఇంట్లో జూనియర్ ఆటగాడు ఒకడు ఉండేవాడు, పొద్దున్నే పన్నెండు గుడ్లు తినేస్తున్నాడని మొత్తుకునేది, మళ్లీ వాడికి జ్వరమొస్తే షిఫ్టు మానేసేది.

ఇంకో మాట, ఇది వింటే మీకు కష్టంగా ఉంటుంది. ఈ పిల్లల్ని జట్లు మార్చుకుంటాయి. ట్రేడ్ అంటారు. ఆ సీజన్లో మాకు గోలీ, అంటే గోల్ కాపలాదారుడు, కావాల్సి వచ్చింది, గ్వెల్ఫ్ నుంచి ఆడమ్ డెన్నిస్‌ని తెచ్చారు. సార్నియా నుంచి డాన్ ఫ్రిట్షే వచ్చాడు, అంతకుముందు ఏడాది ఎన్‌హెచ్‌ఎల్‌లో కొన్ని మ్యాచ్‌లు ఆడినవాడు. సోమవారం ఒక స్కూల్లో ఉన్న పిల్లాడు బుధవారం ఇంకో ఊళ్లో ఇంకెవరి ఇంట్లోనో అన్నం తింటాడు. వాళ్లని ఇచ్చే జట్టుకి బదులుగా చిన్న వయసు పిల్లల్ని, రాబోయే రెండు మూడేళ్ల డ్రాఫ్టు హక్కుల్ని ఇస్తారు. పంట బాగా వచ్చేటట్టుంటే వచ్చే ఏడు విత్తనాలు కూడా అమ్మేసి ఎరువు కొంటారు, అదీ లెక్క. ఎందుకంటే ఇరవై దాటాక ఎవరూ ఉండరు. ఇరవై ఏళ్లవాళ్లు జట్టుకి ముగ్గురే. ఎంత గొప్ప జట్టయినా రెండేళ్లలో చెదిరిపోవాల్సిందే, రూలే అలా రాశారు. నైట్స్ గొప్పగా ఆడారు అన్నప్పుడల్లా నాకు అనిపించేది ఇదే, వీళ్లు గెలవడమే కాదు, ఈ ఏడాదే గెలవాలి, ఇంకో ఛాన్స్ లేదు. నాక్కూడా అప్పుడు చేతిలో ఒక్క ఏడాదే ఉంది, ఉద్యోగం దొరక్కపోతే వెనక్కి వచ్చేస్తానని ఇంట్లో మాటిచ్చాను. అందుకే మరీ పట్టించుకున్నానేమో.

(ప్రశ్న: మరి చదువు?)

ఓహెచ్‌ఎల్‌లో ఆడిన ఒక్కో సీజన్‌కి ఒక్కో ఏడాది కాలేజీ చదువు ఖర్చు ఇస్తారు, షరతులు ఉంటాయనుకోండి. ఒకప్పుడు పెద్ద తలనొప్పి ఏంటంటే, ఈ లీగులో ఒక్క మ్యాచ్ ఆడినా అమెరికా యూనివర్సిటీ హాకీకి తలుపులు మూసుకుపోయేవి. అది 2025 ఆగస్టు నుంచి మారింది. అందుకే పడమర లీగులో మెడిసిన్ హ్యాట్ అనే ఊరి జట్టుకి ఆడిన గావిన్ మెకెన్నా అనే కుర్రాడు 2025లో అమెరికాలోని పెన్ స్టేట్ యూనివర్సిటీకి వెళ్లాడు. మీ పిల్లలు ఆ వయసుకొచ్చేసరికి ఇంకేం మారుతుందో, అప్పటి రూలు అప్పుడు చూసుకోండి.

పిల్లల్ని పంపేవాళ్లు ఉన్నారు కాబట్టి ఇంకో కప్పు గురించి ఒక నిమిషం. 1986 డిసెంబరు 30న సస్కాచెవాన్‌లో స్విఫ్ట్ కరెంట్ బ్రాంకోస్ బస్సు ఐసు రోడ్డు మీద బోల్తాపడి నలుగురు పిల్లలు చనిపోయారు. రెండున్నరేళ్లకి, 1989లో అదే జట్టు మెమోరియల్ కప్ గెలిచింది, ఓవర్‌టైంలో. దేశమంతా కన్నీళ్లు పెట్టుకున్న గెలుపు. తర్వాత 1996లో ఆ జట్టులో ఆడిన షెల్డన్ కెన్నెడీ బయటికొచ్చి చెప్పాడు, అదే జట్టు కోచ్ గ్రాహం జేమ్స్ తనని ఏళ్ల తరబడి లైంగికంగా వేధించాడని. 1997లో ఆ కోచ్ నేరం ఒప్పుకుని జైలుకి వెళ్లాడు. కప్పు గెలిచిన ఫోటోలో నవ్వుతున్న పిల్లల పక్కన ఆయనా నిలబడి ఉండేవాడు కదా, ఎవరికీ తెలీదు. కాబట్టి ఆదివారం ఫోన్ చేసినప్పుడు "స్కోరెంత" అని ఒక్కటే అడిగి పెట్టేయకండి. అంతే, ముందుకెళ్దాం.

మే నెలకొద్దాం. ప్లేఆఫ్స్‌లో నైట్స్ 16 గెలిచి 2 ఓడారు, ఫైనల్ సిరీస్‌లో ఆటవా 67స్‌ని మ్యాచ్‌ల లెక్కన 4-1తో కొట్టి మొట్టమొదటి లీగ్ టైటిల్ తెచ్చారు. ఆ ఏడు మెమోరియల్ కప్‌కి ఆతిథ్యం కూడా లండనే. ఆతిథ్యమిచ్చే జట్టే ఛాంపియన్ కూడా అయిపోయింది కాబట్టి రెండో చోటు ఆటవాకి ఇచ్చారు. పడమర నుంచి కెలోనా రాకెట్స్, క్యూబెక్ నుంచి రిమౌస్కీ.

మే 21, మొదటి మ్యాచే లండన్, రిమౌస్కీ. ఊళ్లో ఇసక వేస్తే రాలనంత జనం. పక్కనున్న కావెంట్ గార్డెన్ మార్కెట్ దగ్గర కూడా ఆకుపచ్చ జెర్సీలే. మా కౌంటర్ ముందు లైను మెట్ల దాకా ఉండేది, విరామం అయిపోయి ఆట మొదలవగానే ఖాళీ, ఒక్క నిమిషంలో ఖాళీ, నేల మీద తొక్కిన పాప్‌కార్న్ తప్ప మనిషి లేడు. మ్యాచ్ 3-3 అయి ఓవర్‌టైంకి వెళ్లింది. ఓవర్‌టైంలో ఎవరు ముందు గోల్ కొడితే వాళ్లదే. నేను నిమ్మరసం గ్లాసు పట్టుకుని నిలబడ్డాను, కర్టెన్ అవతల తొమ్మిది వేల మంది ఊపిరి బిగబట్టారు, పక్ గోడకి తగిలే చప్పుడు ఒక్కటే వినిపిస్తోంది, టక్, టక్, మళ్లీ టక్. అప్పుడు పడింది చూడండి కేక. పైన దీపాలు ఊగాయంటే నమ్మండి. మా మేనేజరమ్మ నన్ను పట్టుకుని గెంతేసింది, ఆవిడ ఎనభై కిలోలు, నేను అప్పట్లో యాభై ఎనిమిది. (నవ్వులు) గెంతడం అయ్యాక తలెత్తి చూస్తే టీవీలో ఇంకా గోల్ పడలేదు. ఆ రెండు సెకన్లలో నాకొచ్చిన అనుమానం ఏంటంటే, కొంపదీసి గోల్ అవతలివాళ్లు కొట్టారా, వీళ్లు ఏడుస్తున్నారా అని. అప్పుడు బొమ్మలో మార్క్ మెథాట్ కొట్టాడు. 4-3.

మిగతా రెండు లీగ్ మ్యాచ్‌లు కూడా గెలిచి నైట్స్ నేరుగా ఫైనల్‌కి వెళ్లారు, రిమౌస్కీ సెమీస్‌లో ఆటవాని దాటుకుని వచ్చింది. మే 29, ఆదివారం. మళ్లీ వాళ్లే, వీళ్లే. అందరూ క్రాస్బీ ఏం చేస్తాడో అని చూస్తున్నారు. ఏమీ చేయనివ్వలేదు. ఎటు తిరిగితే అటు ఒక ఆకుపచ్చ చొక్కా. 4-0. గ్వెల్ఫ్ నుంచి తెచ్చుకున్న డెన్నిస్ ఒక్క గోల్ కూడా ఇవ్వలేదు. పెర్రీకి ఉత్తమ ఆటగాడి ట్రోఫీ. సీజన్ మొత్తం కలిపి, లీగు, ప్లేఆఫ్స్, కప్పు అన్నీ కలిపి 79 గెలుపు, 9 ఓటమి, 2 డ్రా. 2018లో మెమోరియల్ కప్ వందోసారి జరిగినప్పుడు, వందేళ్లలో గొప్ప జట్టు ఏదంటే ఈ జట్టునే ఎంచుకున్నారు. ఇది కాస్త ఎక్కువ చేశారని చెప్పేవాళ్లూ ఉన్నారు, లాకౌట్ కలిసొచ్చిందని, సొంత ఊళ్లో ఆడారని. ఉండొచ్చు. కలిసొచ్చినా ఆడాలి కదండీ.

తర్వాత ఏమైందంటే, చెప్పాను కదా, చెదిరిపోయారు. పెర్రీ అనహైమ్ వెళ్లి 2007లో ఎన్‌హెచ్‌ఎల్ విజేతలకిచ్చే స్టాన్లీ కప్ గెలిచాడు, 2011లో లీగ్ మొత్తానికి ఉత్తమ ఆటగాడయ్యాడు. క్రాస్బీ సంగతి మీకు తెలుసు. వాళ్లిద్దరూ 2010లో మళ్లీ ఒకే బెంచీ మీద కూర్చున్నారు, ఒలింపిక్స్ బంగారు పతకానికి. నైట్స్ మరుసటి ఏడు కూడా లీగ్ ఫైనల్ దాకా వచ్చి పీటర్‌బరో చేతిలో వరసగా నాలుగు ఓడారు. మెమోరియల్ కప్ మళ్లీ రావడానికి 2016 దాకా పట్టింది. 2024లో ఫైనల్లో ఇరవై రెండు సెకన్లు కూడా లేవనగా గోల్ ఇచ్చి సాగినా అనే ఊరి జట్టు చేతిలో ఓడిపోయారు, ఆ రాత్రి మా వీధిలో ఎవరూ మాట్లాడుకోలేదు. మళ్లీ 2025 జూన్ 1న గెలిచారు, మెడిసిన్ హ్యాట్ మీద 4-1. ఎక్కడ గెలిచారో తెలుసా? రిమౌస్కీలో! ఇరవై ఏళ్ల తర్వాత, ఆ క్రాస్బీ ఆడిన ఊళ్లోనే. ఉత్తమ ఆటగాడు ఈస్టన్ కోవన్, ఇక్కడికి దగ్గర్లో మౌంట్ బ్రిడ్జెస్ కుర్రాడు. కోచ్ అదే డేల్ హంటర్, జుట్టు మాత్రం తెల్లబడింది.

పంజాబీ వాళ్లు 2008లోనే టీవీలో హాకీకి పంజాబీ కామెంటరీ మొదలుపెట్టారు తెలుసా, మనకింకా లేదు. ఎవరైనా మొదలుపెడితే వెన్న వాసన గురించి నేను చెప్తాను.

(ఒక అబ్బాయి ప్రశ్న: అంకుల్, మరి ఫైనల్లో మీరు ఎన్ని గోల్స్ చూశారు?)

నాన్నా, నిజం చెప్పనా? ఒక్కటీ చూడలేదు. నాలుగూ విన్నాను. చివరి ఐదు నిమిషాలు ఉందనగా ఇక ఎవరూ కొనడానికి రారని మా మేనేజరమ్మ నన్ను కర్టెన్ అవతలికి తోసింది. వెళ్లి మెట్ల పైన నిలబడ్డాను. అంత తెల్లగా ఉంటుందనుకోలేదు ఆ ఐసు, టీవీలో బూడిదరంగులో ఉండేది. అందరూ నిలబడే ఉన్నారు, నా ముందు ఇద్దరు పొడుగాటివాళ్లు, వాళ్ల మోచేతుల సందులోంచి కనిపించినంత చూశాను. హారన్ మోగింది, చేతితొడుగులు, హెల్మెట్లు గాల్లోకి ఎగిరాయి. తర్వాత రెండు జట్లూ వరసలో నిలబడి ఒక్కొక్కరూ చేతులు కలుపుకున్నారు, అది ఇక్కడ ఆనవాయితీ. గెలిచినవాళ్లు గడ్డాలూ మీసాలూ సరిగ్గా రాని పిల్లలు, ఓడినవాళ్లూ అంతే, కొందరు ఏడుస్తున్నారు. కప్పు ఎత్తడం చూడలేదు, అప్పటికే కింద కౌంటర్ కడగాలని పిలిచారు. వెన్న మెషీన్ విప్పి కడగాలంటే నలభై నిమిషాలు పడుతుంది. అది కడుగుతుంటే బయట డండాస్ వీధిలో కార్ల హారన్లు తెల్లవార్లూ మోగుతూనే ఉన్నాయి. జులైలో నాకు ఒక ఇంజనీరింగ్ ఆఫీసులో డ్రాఫ్టింగ్ పని దొరికింది. ఇంటర్వ్యూలో కెనడియన్ ఎక్స్‌పీరియన్స్ ఉందా అని అడిగారు. నైట్స్ సీజన్ మొత్తం పాప్‌కార్న్ అమ్మాను అన్నాను. ఆయన కుర్చీ ముందుకి లాక్కుని, ఓవర్‌టైం మ్యాచ్ రోజు ఉన్నావా అని అడిగాడు.

సరే, ఆ వెనకాల చెయ్యి ఊపుతున్నారు, సాంబారు దిగిందట. పదండి.